రాణి బొమ్మ ఉంటే రాణి కాలం కవరేనా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆన్‌లైన్ వేలాల్లో అమ్మే పాత తపాలా కవర్ల గురించే ఉన్నాయి. స్టాంపు అతికించిన కవర్లు కావు, స్టాంపు కవరు మీదే అచ్చయి వచ్చేవి, పోస్టల్ స్టేషనరీ అంటామే అవి. వాటిలో నాలుగు ప్రశ్నలు తీసుకున్నాను.

ప్రశ్న: ‘ఈస్టిండియా కంపెనీ పోస్టు కార్డు, 1855’ అని ఒకటి వేలంలో ఉందండి. తపాలా ముద్రలో 55 అని ఉన్నట్టే కనిపిస్తోంది, కార్డు మీద ఈస్టిండియా అని ఇంగ్లీషులో అచ్చయి ఉంది. ధర చూస్తే భయంగా ఉంది కానీ వదులుకోవాలని లేదు. బిడ్ వెయ్యమంటారా? – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఆ ధరకి వద్దు. అసలు తపాలా శాఖ అచ్చువేసి అమ్మే పోస్టు కార్డు అనేదే 1855 నాటికి ప్రపంచంలో ఎక్కడా లేదు. మొదటిసారి ఆస్ట్రియాలో 1869 అక్టోబరు 1న వచ్చింది, మన దేశంలో 1879 జులై 1న పావు అణా కార్డుగా మొదలైంది. కంపెనీ పాలన 1858లోనే ముగిసింది కదా, మరి కార్డు మీద ఈస్టిండియా అని ఎందుకుంది అంటారా? అది కంపెనీ పేరు కాదు, అప్పట్లో దేశానికి వాడిన పేరు. కంపెనీ పోయాక కూడా 1882 దాకా వచ్చిన స్టాంపుల మీద ‘ఈస్టిండియా పోస్టేజ్’ అనే ఉండేది, కార్డుల మీద ఇంకొన్నేళ్లు ఎక్కువే నడిచింది. అమ్మేవాళ్లలో చాలామంది ఈ రెండు మాటలు చూసి ‘కంపెనీ’ని తామే కలిపేస్తారు, అందరూ మోసం చేయాలనే రాస్తారని నేను అనను, కానీ డబ్బు పోయేది మాత్రం కొన్నవాళ్లదే.

ఇక ముద్ర సంగతి. పాత ముద్రల్లో సంవత్సరం తరచుగా రెండంకెలే ఉంటుంది, శతాబ్దం మనం ఊహించుకోవాల్సిందే. ఎనిమిది సగం చెరిగితే అయిదులా కనపడటం మామూలే, మీ కార్డు మీద ఉన్నది 85 అయి ఉండొచ్చు, అప్పుడు కార్డుకీ ముద్రకీ చక్కగా సరిపోతుంది. వెనకవైపు చేరిన ఊరి ముద్ర ఉందేమో అడగండి, అది స్పష్టంగా ఉంటే వివాదమే ఉండదు. 1885 నాటి పావు అణా కార్డు కూడా మంచిదే, కాకపోతే దాని ధర దానికి ఉంటుంది.

ప్రశ్న: నిజాం ప్రభుత్వం కవరు ఒకటి కొందామనుకుంటున్నాను. ముద్రంతా ఉర్దూలో ఉంది. అమ్మేవాళ్లు 1356 అని చదివి, హిజ్రీ కాబట్టి 1937 అని రాశారు. మా నాన్నగారు చూసి ‘బహ్మన్’ అని ఇంకో మాట కూడా ఉందన్నారు. అదేమిటో చెప్పగలరా? – ఒక పాఠకురాలు, వరంగల్లు

జవాబు: మీ నాన్నగారు చూసిన ఆ ఒక్క మాటతో లెక్క మారిపోయిందమ్మా. హైదరాబాద్ రాజ్యంలో హిజ్రీతో పాటు ఫస్లీ అనే ఇంకో సంవత్సరాల లెక్క కూడా నడిచేది, సర్కారు పనులకి, లెక్కలకి ఫస్లీనే. పాత పహాణీలు (భూమి రికార్డులు) చూసిన ఇళ్లలో ఈ మాట కొత్తేం కాదు. ఏది ఏ లెక్కో నెల పేరు చెప్పేస్తుంది: ముహర్రం, సఫర్ లాంటివి ఉంటే హిజ్రీ, ఆజూర్, దై, బహ్మన్ లాంటివి ఉంటే ఫస్లీ. ఫస్లీ సంవత్సరం అక్టోబరు 6న ఆజూర్ నెలతో మొదలవుతుంది. ఫస్లీకి 590 కలిపితే ఆ సంవత్సరం మొదలైన క్రీస్తుశకం వస్తుంది. అంటే 1356 ఫస్లీ 1946 అక్టోబరులో మొదలైంది, బహ్మన్ మూడో నెల, కాబట్టి మీ కవరు 1946 డిసెంబరు ప్రాంతంలో పోస్టు చేసింది. అమ్మేవాళ్లు చెప్పినదానికీ దీనికీ తొమ్మిదేళ్లకి పైగా తేడా.

ఉర్దూ అంకెలు చదివేటప్పుడు ఇంకో జాగ్రత్త. అక్షరాలు కుడి నుంచి ఎడమకి వెళ్లినా అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికి చదవాలి. ఏడూ ఎనిమిదీ ఒకదానికొకటి తలకిందులు, ఫొటో తిరగేసి పెట్టారంటే 7 కాస్తా 8 అయిపోతుంది. సున్న ఒక చుక్క మాత్రమే, మరకలో కలిసిపోతుంది.

అడ్రసు కూడా చూడండి. నిజాం స్టాంపులు ఆ రాజ్యం లోపలే చెల్లేవి. రాజ్యం బయటి ఊరికి, అదీ ఇంకే ఇండియా స్టాంపూ లేకుండా వెళ్లినట్టు ఉంటే ఎందుకని అడగాలి. ఆ తపాలా శాఖ 1950 ఏప్రిల్ 1న భారత తపాలాలో కలిసిపోయింది. స్టాంపు మీద ‘సర్కారీ’ అని ఉర్దూలో నల్లగా అచ్చు కనిపిస్తే అది ముద్రణ తప్పు కాదు, ప్రభుత్వ ఉత్తరాలకి వాడిన స్టాంపు అని గుర్తు. దీన్ని ‘అరుదైన తప్పు’ అని రాసి రెట్టింపు ధర పెట్టినవి కనపడుతూనే ఉన్నాయి.

ప్రశ్న: చుట్టూ పళ్లు లేని విక్టోరియా అర్ధణా నీలం స్టాంపు, 1854ది అంటున్నారు. రాణి తల కొంచెం పైకి ఉబ్బి ఉంది, చాలా అందంగా ఉంది. మా అబ్బాయి పుట్టినరోజుకి ఇద్దామని ఉంది. – ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: తల ఉబ్బి ఉంది అన్నారు చూడండి, జవాబు అందులోనే ఉంది. 1854 అర్ధణా కలకత్తాలో లిథో (రాతి అచ్చు) పద్ధతిలో అచ్చయింది, కాగితం మీద చదునుగా ఉంటుంది, నిలువు దీర్ఘచతురస్రం, పైన ఇండియా, కింద హాఫ్ అణా అని ఉంటుంది. మీరు చూస్తున్నది కవరు మీద ఒత్తి అచ్చువేసిన బొమ్మని ఎవరో కత్తిరించిన ముక్క. అమ్మేవాళ్లని వెనకవైపు ఫొటో, పక్క నుంచి లైటు వేసి తీసిన ఫొటో అడగండి: తల ఉన్నచోట వెనక గుంట పడి ఉంటుంది, కాగితం మందంగా ఉంటుంది. 1854 స్టాంపులకి పళ్లు లేకపోవడం నిజమే, అందుకే ఈ ముక్కలని వాటి పేరుతో అమ్మడం తేలిక. కవరు మొత్తంగా ఉంటే దాని మీద ఊరు, తేదీ, ఎవరు ఎవరికి రాశారో అన్నీ ఉండేవి, ముక్క చేశాక ఆ సమాచారమంతా పోయింది, విలువా పోయింది. ఇలా కత్తిరించడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. బాబుకి ఇవ్వాలంటే అదే డబ్బుకి వాడిన నిండు కవరు ఒకటి ఇవ్వండి, చదువుకోవడానికి అడ్రసైనా ఉంటుంది.

ప్రశ్న: జార్జి రాజు బొమ్మ ఉన్న కవరు, స్వాతంత్ర్యానికి ముందుది అని కొన్నాను. ఇంటికొచ్చాక చూస్తే బెజవాడ ముద్ర, 1948 జులై. ఇది నకిలీనా? టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: టెన్షన్ పడకండి, నకిలీ అని దీన్నిబట్టి చెప్పలేం. కవరు అచ్చయిన కాలం వేరు, వాడిన కాలం వేరు. రాజు బొమ్మ చూస్తే కవరు ఎప్పటికంటే ముందుది కాదో తెలుస్తుంది, అంతే. గడ్డం ఉంటే అయిదో జార్జి, 1936 జనవరిలో పోయాడు, గడ్డం లేకపోతే ఆరో జార్జి. 1947 ఆగస్టు 15 తర్వాత కూడా రాజు బొమ్మ స్టాంపులు, కవర్లు పోస్టాఫీసుల్లో అమ్ముతూనే ఉన్నారు. జెండా బొమ్మతో, ‘జై హింద్’ మాటతో మన మొదటి స్టాంపు 1947 నవంబరు 21న వచ్చింది, రోజువారీ వాడకానికి మన గుళ్లు, శిల్పాలతో కొత్త వరుస 1949 ఆగస్టు 15న గానీ రాలేదు. ఆ మధ్య కాలంలో, స్వతంత్ర దేశంలో రాజు బొమ్మతో వెళ్లిన ఉత్తరం మీ చేతిలో ఉంది. నాకైతే 1946 కవరు కంటే ఇదే ముద్దు.

అయినా అమ్మినవాళ్లు రాసింది తప్పే కాబట్టి వాపసు గడువు దాటకముందే వాళ్లకి రాయండి, ధర తగ్గిస్తారేమో. ఈలోగా రెండు చిన్న పరీక్షలు చేసుకోవచ్చు. నోట్లు చూసే అతినీలలోహిత లైటు కింద కాగితం తెల్లగా, నీలంగా మెరిసిందంటే అనుమానించాలి, ఎందుకంటే ఆ మెరుపునిచ్చే రసాయనాలు కాగితంలో విరివిగా వాడటం రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే. ఇక అడ్రసులో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు 15 తర్వాత రాసిందే, ముద్ర ఏం చెప్పినా సరే. ఈ రెండూ లేకపోతే కవరుని ప్లాస్టిక్ సంచిలో కాకుండా ఆమ్లం లేని కాగితం మడతలో పెట్టుకోండి, గుంటూరు ఎండకి దూరంగా.