మేనకోడలికి, ఎడమచేతి బొటనవేలి గురించి

చిరంజీవి మేనకోడలికి తిరుపతి నుంచి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. మొదటిసారి పాట విన్నాను. మిగిలిన మూడుసార్లూ నీ ఎడమచేతినే చూశాను. పాటకు వంక పెట్టను. తాళం నిలకడగా ఉంది, మంద్రస్వరాలు పలికే బేస్ గిటారు వాయించేవాళ్లకు అదే సగం చదువు. కానీ రెండో చరణం వచ్చేసరికి నీ చూపుడువేలి గోరు తెల్లబడింది, మోచెయ్యి పక్కటెముకలకు అతుక్కుపోయింది, బొటనవేలు గిటారు మెడ, అదే నెక్, పైనుంచి తొంగి చూస్తోంది. అంతకు ముందురోజే మీ అమ్మ ఫోను చేసి, "చపాతీ పిండి కలపమంటే చెయ్యి నొప్పి అంటోంది, నిజమా, సాకా?" అని అడిగింది. అప్పుడు తెలియదన్నాను. వీడియో చూశాక మళ్లీ ఫోను చేసి నిజమేనని చెప్పాను. కాబట్టి పిండి విషయంలో నీకు నా పూచీ ఉంది, కొన్నాళ్ల వరకే.

బొటనవేలు ఎప్పుడూ నెక్ వెనక సరిగ్గా మధ్యలో ఉండాలని, పైకి కనిపించకూడదని మీ మాస్టారు అన్నట్టు రాశావు. ఆయన చెప్పింది తప్పు కాదు. అయితే అది రెండో పాఠం. మొదటిది దాటవేసి రెండోది పట్టుకుంటే, వేలిని మధ్యలో పెట్టి అక్కడే ఇంకా గట్టిగా నొక్కుతావు. నేను అచ్చంగా అదే చేశాను.

1986 మాఘమాసం. తిరుపతిలో పెళ్లిళ్ల కాలమంటే ఎలా ఉంటుందో నీకు తెలుసు. కొండ కింద కల్యాణమండపాలన్నీ నిండిపోతాయి. మా ఆర్కెస్ట్రా వరసగా తొమ్మిది రాత్రులు వాయించింది. నా గిటారు బరువు నాలుగు కిలోలకు తక్కువ ఉండదు. దానికి నున్నటి నైలాన్ పట్టీ. భుజం మీద చొక్కా చెమటకు తడిసేకొద్దీ పట్టీ జారేది, గిటారు తల నేలవైపు వాలేది. ఎడమచేత్తో దాన్ని ఎత్తి పట్టుకుంటూ, అదే చేత్తో స్వరాలు నొక్కేవాణ్ని. పదో రోజు ఉదయం బ్యాంకుకు బయలుదేరి చేతక్ స్కూటరు స్టార్ట్ చేశాను. దాని గేరు ఎడమచేతి పిడిలోనే ఉంటుంది, క్లచ్ నొక్కి పిడి తిప్పాలి. తిప్పలేకపోయాను. మొదటి గేరు ఎలాగో పడింది, రెండోది పడలేదు. లీలామహల్ కూడలి నుంచి బ్యాంకు దాకా మొదటి గేరులోనే గోలపెట్టుకుంటూ వెళ్లాను. సైకిల్ మీద పాలు పోసే కుర్రవాడు నన్ను దాటిపోతూ వెనక్కి తిరిగి చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

డాక్టరు ఆరు వారాలు గిటారు ముట్టుకోవద్దన్నారు. చెయ్యి నయమైంది గానీ, ఎందుకు పాడైందో నాకు చెప్పింది మా ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించే పెద్దాయన. మన కర్ణాటక సంగీతంలో వయొలిన్ ఎలా పట్టుకుంటారో నువ్వు గమనించావో లేదో. కింద కూర్చుని, ఒక కొస ఛాతీకి ఆనించి, రెండో కొసను కుడిపాదం మీద పెట్టుకుంటారు. ఆయన అలా కూర్చుని, ఎడమచేతిని పూర్తిగా తీసేసి గాలిలో ఊపి చూపించారు. వయొలిన్ కదలలేదు. "దీన్ని నా కాలు మోస్తోందయ్యా, చెయ్యి కాదు. అందుకే చెయ్యి గమకానికి ఖాళీగా ఉంది. నీ చెయ్యి కూలిపని చేస్తూ పాడాలంటే ఎలా పాడుతుంది?" అన్నారు.

కాబట్టి నీ బొటనవేలి సంగతి తేల్చేది ముందుగా నీ భుజం మీది పట్టీ. అద్దం ముందు నిలబడి గిటారు తగిలించుకో. రెండు చేతులూ తీసేయి. తల భాగం నేలవైపు వాలిపోతే, నువ్వు వాయించే ప్రతి పాటలోనూ ఎడమచెయ్యి దాన్ని మోస్తోందన్న మాట. బొటనవేలు పైకి ఎక్కి కొక్కెంలా పట్టుకోవడం అందుకే, దాన్ని తిట్టి లాభం లేదు. కనీసం మూడు అంగుళాల వెడల్పున్న పట్టీ కొను, లోపలివైపు గరుకుగా ఉండాలి. నేను ఆ రోజుల్లో గాంధీ రోడ్డులో చెప్పులు కుట్టే ఒకాయన చేత నైలాన్ పట్టీ లోపల గరుకు తోలు ముక్క కుట్టించుకున్నాను. ఆ తోలు పట్టీకన్నా ఎక్కువకాలం మన్నింది. కుడిచేతి ముంజేయి గిటారు ఒంటి మీద ఆనితే ఇంకొంత బరువు అక్కడ నిలుస్తుంది.

పట్టీ పొడవు కూడా చూసుకో. కూర్చుని వాయించినప్పుడు గిటారు ఎంత ఎత్తులో ఉంటుందో, నిలబడినప్పుడూ దాదాపు అంతే ఎత్తులో ఉండాలి. మీ కాలేజీ కుర్రవాళ్లు మోకాళ్ల దాకా వేలాడదీస్తారు, చూడటానికి బాగానే ఉంటుంది. అలా వేలాడితే తీగల మీదికి వేళ్లు రావడానికి మణికట్టు మడతపడక తప్పదు. వేళ్లను ముడిచే కండరాలు ఉండేది ముంజేతిలో. వాటి స్నాయువులు మణికట్టులోని ఇరుకైన సొరంగం గుండా వేళ్లలోకి వెళతాయి, వాటితోపాటు ఒక నరం కూడా. మణికట్టు మడిచి బలంగా నొక్కితే ఆ సొరంగంలో రాపిడి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కితే, ముఖ్యంగా రాత్రి నిద్రలో మెలకువ వచ్చేంతగా తిమ్మిరెక్కితే, నాకు ఉత్తరం రాయకు. డాక్టరు దగ్గరికి వెళ్లు.

ఇక మాస్టారి పాఠానికి వద్దాం. బొటనవేలు ఎక్కడ ఉండాలో తెలుసుకోవడానికి గిటారు అక్కర్లేదు. ఎడమచేతిని పక్కన వేలాడనివ్వు. ఏమీ చేయకుండా మోచేయి మడిచి అరచేతిని పైకి తీసుకురా. వేళ్లు కొంచెం వంగి, బొటనవేలు చూపుడువేలికీ మధ్యవేలికీ మధ్య ఎదురుగా నిలుస్తుంది. కాఫీ ఉన్న గ్లాసు పట్టుకున్నప్పుడూ అంతే. గ్లాసు వేడిగా ఉంటే ఇంకా మంచిది, అవసరానికి మించి ఎవరూ నొక్కరు. అదే చెయ్యిని అలాగే తీసుకెళ్లి నెక్ మీద పెట్టు. బొటనవేలి మెత్తటి భాగం నెక్ వెనక ఆనుతుంది, కొస గోరు పైకప్పు వైపో, కొంచెం ఏటవాలుగా గిటారు తలవైపో చూస్తుంది. నీ వీడియోలోలాగా నెక్ పొడవునా పడుకోకూడదు. కణుపు వెనక్కి విరుచుకుని ఉంటే నొక్కుతున్నావన్న మాటే.

మధ్యలో అన్నారు కదా, ఏ మధ్య? అది తీగను బట్టి మారుతుంది. అన్నిటికన్నా లావుపాటి ‘ఈ’ (E) తీగ మీదికి వేళ్లు చాచాలంటే బొటనవేలు నెక్ వెనక కొంచెం కిందికి జారాలి. సన్నటి ‘జీ’ (G) తీగ మీదికి వచ్చినప్పుడు అది కొంచెం పైకి వస్తే తప్పేమీ లేదు. కొందరు దిట్టమైన కళాకారులు బొటనవేలు పైకి వచ్చేలాగే పట్టుకుంటారు, దాని కొసతో, అప్పుడు వాడని ‘ఈ’ (E) తీగను తాకి నోరు మూయిస్తారు. యాంప్లిఫయర్ శబ్దం బాగా పెంచినప్పుడు ఆ తీగ ఊరికే మోగుతూ పాటను బురద చేస్తుంది, అందుకు అది పనికొచ్చే ఉపాయం. వాళ్లు పైకి తెచ్చింది ఆనించడానికి. నువ్వు పైకి తెచ్చింది వేలాడటానికి. ఫోటోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి, చిక్కంతా అక్కడే.

నెక్ మీద అడ్డంగా వేసిన కమ్మీలు, అంటే ఫ్రెట్లు, పైన బాగా దగ్గరదగ్గరగా ఉన్నచోట, గిటారు ఒళ్లు అడ్డు వచ్చేచోట, ఈ సూత్రాలన్నీ పోతాయి. అక్కడ బొటనవేలు ఎక్కడ పడితే అక్కడ పెట్టుకో. పెళ్లి పాటల్లో ఆ ప్రాంతానికి నేను ఏడాదికి రెండుసార్లు వెళ్లేవాణ్నేమో.

మొదటి నాలుగు ఫ్రెట్ల దగ్గర మాత్రం చాలాసేపు ఆగాలి, నీ నొప్పి పుట్టింది అక్కడే. నీ గిటారు తీగ పొడవు 34 అంగుళాలు. లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు పెట్టిన కొలత, ఇప్పటికీ ఎక్కువ బేస్‌లకు అదే. నువ్వు ఇంతకుముందు నేర్చుకున్న మామూలు గిటారు తీగ దాదాపు 25 అంగుళాలే. అందులో మొదటి ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్‌కు పది సెంటీమీటర్ల లోపు. బేస్ మీద అదే దూరం 13 సెంటీమీటర్లు. స్కేలు తీసుకుని కొలిచి చూడు. మామూలు గిటారు అలవాటు ప్రకారం ఫ్రెట్‌కు ఒక వేలు చొప్పున నాలుగు వేళ్లనూ చాచి ఉంచాలని చూస్తే, నీ చేతికి ఆ 13 సెంటీమీటర్లు బొటనవేలి బలంతో తప్ప నిలవవు.

దీనికి మందు పాతదే. నిలబెట్టి వాయించే డబుల్ బేస్ తీగ మీటరు దాటుతుంది. దాన్ని 19వ శతాబ్దంలో వియన్నాలో నేర్పిన ఫ్రాంజ్ సిమాండ్ల్ పేరుతో ఒక పద్ధతి ఉంది. చూపుడువేలు, మధ్యవేలు, చిటికెనవేలు, ఈ మూడే వాడాలి. ఉంగరపువేలు చిటికెనవేలికి తోడుగా వెంట ఉంటుంది. మూడు ఫ్రెట్లకే చెయ్యి పరుచుకుంటుంది, అంటే దాదాపు తొమ్మిది సెంటీమీటర్లు. నాలుగో ఫ్రెట్ కావాలంటే చేతినే జరుపుకోవాలి. ఏడో ఫ్రెట్ దాటాక దూరాలు తగ్గుతాయి, అక్కడ నాలుగు వేళ్ల పద్ధతి హాయిగా సాగుతుంది. ఈ పద్ధతి నేర్పితే కొందరు మాస్టార్లు చిన్నతనంగా భావిస్తారు. నువ్వు భావించకు.

చెయ్యి జరిగినప్పుడు బొటనవేలు కూడా జరగాలి. నీ వీడియోలో మూడో ఫ్రెట్ నుంచి ఎనిమిదో ఫ్రెట్‌కు వెళ్లేటప్పుడు వేళ్లు ముందు వెళ్లాయి, బొటనవేలు వెనక ఉండిపోయి ఆ తరువాత ఈడ్చుకుంటూ వచ్చింది, బజారులో అమ్మ చెయ్యి పట్టుకున్న పిల్లవాడిలా. జరిగే ముందు అరక్షణం అది నెక్‌ను వదలాలి. ఒక్క ఫ్రెట్ అవతలికి అందుకోవడానికి మాత్రం అది ఉన్నచోటే ఉండి చెయ్యి తలుపులా తిరిగితే చాలు. అంతకు మించితే కదలాలి.

రోజూ పది నిమిషాలు ఇది చెయ్యి. అయిదో ఫ్రెట్ దగ్గర ఒక స్వరం పట్టు, బొటనవేలిని నెక్ నుంచి పూర్తిగా ఎత్తేయి. గిటారు నీ పొట్టకు ఆని ఉంటుంది కనుక ముంజేతి బరువును వెనక్కి లాగితే చాలు, స్వరం పలుకుతుంది. మొదటిరోజు గరగర తప్ప ఏమీ రాదు. వేలిని ఫ్రెట్ కమ్మీకి దగ్గరగా, సరిగ్గా దాని వెనక పెట్టు. రెండు ఫ్రెట్ల మధ్య నడుమ నొక్కితే చాలా బలం కావాలి, కమ్మీ పక్కన నొక్కితే అందులో సగం కూడా అక్కర్లేదేమో అనిపిస్తుంది. అలా స్వరం పలికాక బొటనవేలిని తెచ్చి మళ్లీ ఆనించు, నొక్కవద్దు. ఆ తరువాత ఇంకో పని. వేలిని తీగ మీద వట్టినే పెట్టి మీటుతూ, కొంచెం కొంచెం నొక్కుతూ పో. గరగర పోయి స్వరం తేటగా పలికిన చోట ఆగు. నువ్వు ఇన్నాళ్లు వాడిన బలం అందుకు ఎన్ని రెట్లో నీకే తెలుస్తుంది. నాకు తెలిసిన రోజు సిగ్గుపడ్డాను.

ఇంత చేసినా మొదటి ఫ్రెట్ దగ్గర గట్టిగా నొక్కవలసి వస్తోందంటే తప్పు నీది కాదు, గిటారుది. మూడో ఫ్రెట్ దగ్గర తీగను నొక్కి పట్టుకుని మొదటి ఫ్రెట్ మీద సందు చూడు. కాగితం దూరేంత ఉంటే సరిపోతుంది. అంతకన్నా బాగా ఎత్తుగా ఉంటే నట్, అంటే గిటారు తల దగ్గర తీగలు కూర్చునే అడ్డముక్క, దాని గాడులు లోతు చేయించాలి. అది నువ్వు ఆకురాయి పట్టుకుని చేసే పని కాదు, తెలిసినవాళ్ల చేత చేయించు. కొత్త గిటార్లు చాలావాటికి ఈ లోపం ఉంటుంది, పిల్లలు తమ వేళ్లలో బలం లేదనుకుని ఏడుస్తారు.

నొప్పి ఉన్నన్నాళ్లు ఇరవై నిమిషాలు వాయించి పది నిమిషాలు ఆపు. మీ కాలేజీ వార్షికోత్సవం ఉందని తెలుసు, ఆ పాట ఒక స్వరం తగ్గినా అక్కడెవరూ గమనించరు, డ్రమ్స్ కుర్రవాడు తప్ప.

వైశాఖంలో గంగజాతరకు మీ అమ్మ ఎలాగూ తిరుపతి వస్తానంటోంది. నువ్వూ రా, గిటారు తెచ్చుకో. చిత్తూరు బస్సులో దాన్ని పైన సామాన్ల మీద వేయనివ్వకు, ఒళ్లో పెట్టుకుని కూర్చో. ఈలోగా పట్టీ మార్చాక ఇంకో వీడియో పంపు. ఈసారి ముందునుంచి కాదు, తమ్ముణ్ని నీ ఎడమభుజం వెనక నిలబెట్టి తీయించు. నీ ముఖం కనబడకపోయినా ఫరవాలేదు, నెక్ వెనక భాగం కనబడాలి.

ఇట్లు,
మామయ్య