విపత్తులను తట్టుకునే నిర్మాణాల రంగం: అంతర్జాతీయ సంస్థలకు దారి ఎటు నుంచి?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా పలాస. మా అమ్మాయి బీటెక్ సివిల్ మూడో సంవత్సరం చదువుతోంది. 2018లో తిత్లీ తుపాను చూసినప్పటి నుంచి విపత్తు నిర్వహణ రంగంలోనే, అదీ ఐక్యరాజ్యసమితి, సీడీఆర్ఐ వంటి సంస్థల్లోనే పని చేస్తానంటోంది. బీటెక్ అయిన వెంటనే బ్యాంకు రుణం తీసుకుని విదేశాల్లో విపత్తు నిర్వహణలో మాస్టర్స్ చేయించమని అడుగుతోంది. బంధువులేమో ఏఈఈ (ప్రభుత్వ శాఖల్లో అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) పరీక్షలకు చదివించమంటున్నారు. ఈ రంగంలో నిజంగా ఉద్యోగాలున్నాయా? ఆడపిల్లను తుపానులు, వరదల మధ్య తిరిగే పనికి పంపవచ్చా?

జవాబు: మీ చివరి సందేహంతో మొదలుపెడతాను. తుపాను రాత్రి పడవలు వేసుకుని వెళ్లి జనాన్ని బయటకు తీసుకొచ్చే పని ఎన్డీఆర్ఎఫ్, ఎస్డీఆర్ఎఫ్ బలగాలది. మీ అమ్మాయి కోరుకుంటున్నది, మీ లేఖను బట్టి చూస్తే, అంతకు ముందూ ఆ తర్వాతా ఏళ్ల తరబడి సాగే పని: ఏ సబ్‌స్టేషన్ ఎంత ఎత్తున ఉండాలి, ఏ వంతెన ఎంత వరదను తట్టుకోవాలి, ఏ ఆసుపత్రి పైకప్పు ఎంత గాలికి నిలవాలి అన్నవి ముందే లెక్కగట్టడం, కూలినదాన్ని మళ్లీ కట్టేటప్పుడు పాత బలహీనతనే మళ్లీ కట్టకుండా చూడటం. ఇందులో సైటు పని ఉంటుంది, మారుమూల ప్రాంతాల్లో నెలల తరబడి ఉండాల్సిన సందర్భాలూ ఉంటాయి. అయితే అది ఏ సివిల్ ఇంజినీరుకైనా తప్పని శ్రమే గాని ప్రాణాపాయమని భయపడాల్సిన పని కాదు.

ఈ రంగానికి అంత ప్రాధాన్యం ఎందుకు వచ్చిందో మన తీరమే చెబుతుంది. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వేల మందిని బలి తీసుకుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖపట్నం మీద విరుచుకుపడినా, ముందస్తు హెచ్చరికల వల్ల, జనాన్ని సురక్షిత ప్రాంతాలకు తరలించడం వల్ల ప్రాణనష్టం దానితో పోల్చలేనంత తక్కువగా ఉంది. కానీ కరెంటు, తాగునీరు, ఫోన్లు ఒకేసారి ఆగిపోయాయి, విమానాశ్రయ టెర్మినల్ దెబ్బతింది, ఒక మహానగరం రోజుల తరబడి చీకట్లో ఉండిపోయింది. మనుషులను కాపాడుకోవడం కొంతవరకు చేతనయినా వాళ్లు బతకడానికి ఆధారమైన వ్యవస్థలను కాపాడుకోవడం ఇంకా చేతకాలేదన్న సంగతిని దాదాపు అదే కాలంలో అనేక దేశాలు గుర్తించాయి. 2015 మార్చిలో జపాన్‌లోని సెండాయ్‌లో విపత్తు ముప్పు తగ్గింపుపై కుదిరిన ఒప్పంద పత్రం 2030 నాటికి సాధించాలంటూ ఏడు లక్ష్యాలను పెట్టుకోగా, వాటిలో ఒకటి కీలక మౌలిక సదుపాయాలకు జరిగే నష్టాన్ని తగ్గించడం, మరొకటి వర్ధమాన దేశాలకు అంతర్జాతీయ సహకారాన్ని పెంచడం.

మీ అమ్మాయి చెబుతున్న సీడీఆర్ఐ, అంటే విపత్తులను తట్టుకునే మౌలిక సదుపాయాల కూటమి, ఆ ఆలోచనకు కొనసాగింపే. 2019 సెప్టెంబరులో న్యూయార్క్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సులో భారత ప్రధాని దీన్ని ప్రకటించారు. సచివాలయం న్యూఢిల్లీలో ఉంది. జపాన్, ఆస్ట్రేలియా, బ్రిటన్ వంటి దేశాలతో పాటు ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు కూడా ఇందులో భాగస్వాములు. 2019లో ఫణి తుపాను ఒడిశా విద్యుత్ వ్యవస్థను ఛిన్నాభిన్నం చేసిన తర్వాత, ఆ వ్యవస్థను ఎలా బలపరచాలన్న అధ్యయనాన్ని ఈ సంస్థ చేపట్టింది. 2021లో గ్లాస్గో సదస్సులో ప్రారంభమైన ఐరిస్ కార్యక్రమం చిన్న ద్వీప దేశాల కోసం ఉద్దేశించినది. ఉన్న ఒక్క ఓడరేవో, ఒక్క విమానాశ్రయమో దెబ్బతింటే దేశమంతా స్తంభించిపోయే చోట్లవి. (మన తెలుగువారి సంతతి తరాలుగా స్థిరపడిన ఫిజీ, మారిషస్ కూడా అలాంటి ద్వీప దేశాలేనని మీ అమ్మాయికి చెప్పండి.)

అయితే సదస్సులూ ప్రకటనలూ చూసి ఈ రంగాన్ని అంచనా వేయకూడదు. అంతర్జాతీయ సహకారం ఎక్కువగా అప్పు రూపంలో, నిబంధనల రూపంలో, డిజైన్ల తనిఖీ రూపంలో జిల్లా స్థాయికి దిగివస్తుంది. ఉద్యోగాలు పుట్టేది కూడా అక్కడే. హుద్‌హుద్ తర్వాత ప్రపంచ బ్యాంకు ఇచ్చిన 25 కోట్ల డాలర్ల రుణంతో ఆంధ్రప్రదేశ్ విపత్తు పునరుద్ధరణ ప్రాజెక్టు నడిచింది. విశాఖ నగరంలో విద్యుత్ లైన్లను భూగర్భంలోకి మార్చిన పని అందులో భాగమే. అంతకు ముందే ప్రపంచ బ్యాంకు సాయంతో మొదలైన జాతీయ తుపాను ముప్పు తగ్గింపు ప్రాజెక్టు తొలి దశకు ఆంధ్రప్రదేశ్, ఒడిశాలను ఎంచుకున్నారు. తుపాను షెల్టర్లు, వాటికి వెళ్లే రోడ్లు, వంతెనలు, ఉప్పునీటి కట్టల పనులు దాని కింద జరిగాయి. ఇలాంటి ప్రతి ప్రాజెక్టుకూ రాష్ట్ర ప్రభుత్వంలో ఒక అమలు విభాగం, దానికి తోడు కన్సల్టెన్సీ సంస్థలు ఉంటాయి. టెండర్ల నిపుణులు, నాణ్యత తనిఖీ చేసేవారు, పర్యావరణ, సామాజిక ప్రభావాలను అంచనా వేసేవారు వాటికి అవసరమవుతారు. ఇవి చాలావరకు కాంట్రాక్టు ఉద్యోగాలే. కానీ బ్యాంకు నిబంధనలు, అంతర్జాతీయ ప్రమాణాల నివేదికలు చేతికి అలవాటయ్యేది ఇక్కడే.

నేపాల్ ఉదాహరణ ఇంకా స్పష్టంగా ఉంటుంది. 2015 భూకంపం తర్వాత గోర్ఖా, నువాకోట్ జిల్లాల్లో 50,000 ఇళ్ల పునర్నిర్మాణానికి భారత ప్రభుత్వం నిధులిచ్చింది. ఇల్లు కట్టుకునేది యజమానే, డబ్బు అందేది విడతల వారీగా. గోడల చుట్టూ భూకంప పట్టీలు వేశారా, మూలల్లో ఇనుము సరిగా కట్టారా అని చూసి, తప్పు ఉంటే మేస్త్రీకి అర్థమయ్యేలా చెప్పి సరిచేయించడమే అక్కడి సాంకేతిక బృందాల ప్రధాన పని. రెండు దేశాల ప్రభుత్వాలూ ఐక్యరాజ్యసమితి సంస్థలూ కలిసి నడిపిన కార్యక్రమమే అయినా, రోజువారీ పని మాత్రం కొండ ఊళ్లలో గోడల దగ్గరే.

ఇక విదేశీ మాస్టర్స్ విషయం. బీటెక్ అయిన వెంటనే అప్పు చేసి, విపత్తు నిర్వహణ అనే పేరున్న సాధారణ కోర్సుకు పంపడాన్ని నేను సమర్థించను. ఈ సంస్థలు ఏదో ఒక విద్యలో గట్టి పట్టు ఉండి, దాన్ని విపత్తు కోణంలో ఉపయోగించగలవారిని వెతుకుతాయి. అన్నీ కొద్దికొద్దిగా తెలిసిన పట్టభద్రుల అవసరం వాటికి తక్కువ. ఐక్యరాజ్యసమితిలో పీ-2 అనే తొలి స్థాయి నిపుణుల పోస్టుకు సాధారణంగా మాస్టర్స్‌తో పాటు రెండేళ్ల అనుభవం అడుగుతారు. సమితి సచివాలయంలో ఇంటర్న్‌షిప్‌కు జీతం ఉండదు, జెనీవా వంటి నగరంలో ఆ ఖర్చంతా మీరే భరించాలి. జపాన్, ప్రపంచ బ్యాంకు కలిసి ఇచ్చే ఉపకార వేతనానికి డిగ్రీ తర్వాత మూడేళ్ల అనుభవం, బ్రిటన్ ఇచ్చే చీవ్‌నింగ్‌కు రెండేళ్ల అనుభవం తప్పనిసరి. అంటే రెండు మూడేళ్లు పనిచేసి వెళ్తే పైసా అప్పు లేకుండా చదివే అవకాశం ఉన్న చోట, ఇప్పుడే వెళ్తే మీ నెత్తిన లక్షల రుణం మిగులుతుంది. పైగా ఈ రంగంలో చాలా కొలువులు దాతల నిధుల మీద ఆధారపడినవి. 2025లో అమెరికా ప్రభుత్వం తన విదేశీ సాయం సంస్థ యూఎస్ఎయిడ్‌ను మూసివేసినప్పుడు దాని నిధులతో నడిచే ప్రాజెక్టుల్లోని ఎంతోమంది ఉపాధి ఒక్కసారిగా పోయింది. ఈఎంఐ కట్టాల్సిన కుటుంబానికి ఆ అనిశ్చితి చాలా భారం.

అందుకే ముందు ఏదో ఒక విద్యలో లోతు సంపాదించమని నా సలహా. స్ట్రక్చరల్ ఇంజినీరింగ్‌లో గాలి, భూకంపాల భారం, జలవనరుల ఇంజినీరింగ్‌లో వరద అంచనా, ఉపగ్రహ చిత్రాలూ జీఐఎస్ (కంప్యూటర్‌లో పటాల విశ్లేషణ), వీటిలో ఏదైనా ఆమె ఎంచుకోవచ్చు. ఆ లోతు అంటే ఏమిటో ఒక చిన్న లెక్కతో చెబుతాను. గాలి భారాలకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగాన్ని 2015లో సవరించినప్పుడు తుపాను తీరాల కోసం ఒక గుణకాన్ని ప్రత్యేకంగా చేర్చారు. తుపాను తర్వాత కూడా పనిచేయాల్సిన షెల్టర్లు, ఆసుపత్రులు, కమ్యూనికేషన్ టవర్లకు అది 1.30, అంటే డిజైన్‌లో తీసుకునే గాలి వేగాన్ని అంతతో గుణించాలి. చూడటానికి 30 శాతమే పెరిగినట్టు ఉంటుంది గాని, గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి భారం దాదాపు 70 శాతం పెరుగుతుంది. ఆ 70 శాతానికి ఖర్చెంత, ఆ ఖర్చు పెట్టకపోతే పదేళ్లలో నష్టమెంత అన్నది లెక్క కట్టి, ఆర్థిక శాఖ అధికారికి అర్థమయ్యే రెండు పేజీల్లో రాయగల ఇంజినీరుకు ఢిల్లీలోనైనా, ఆసియా అభివృద్ధి బ్యాంకు ఉన్న మనీలాలోనైనా గిరాకీ ఉంటుంది.

ఈ చదువుకు దూరం పోవాల్సిన అవసరమూ లేదు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో భూకంప ఇంజినీరింగ్ పరిశోధన కేంద్రం ఉంది. ఐఐటీ రూర్కీలో భూకంప ఇంజినీరింగ్‌కు ప్రత్యేక విభాగమే ఉంది. 2004 సునామీ తర్వాత హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్‌లో 2007లో ఏర్పాటైన హెచ్చరిక కేంద్రం 2011 నుంచి హిందూ మహాసముద్ర దేశాలకు సునామీ సమాచారం అందిస్తోంది. మీ అమ్మాయి కలగనే అంతర్జాతీయ సహకారం మన తెలుగు నేల మీదే రోజూ జరుగుతోందన్నమాట. బాలానగర్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (ఇస్రో వారి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వరద ముంపు పటాలు తయారుచేస్తుంది. గన్నవరం దగ్గర కొండపావులూరులో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దక్షిణాది ప్రాంగణం 2025 జనవరిలో ప్రారంభమైంది.

బంధువుల మాటనూ కొట్టిపారేయకండి. ఏఈఈ ఉద్యోగం ఆమె ఆశయానికి అడ్డు వస్తుందని నేను అనుకోను. జపాన్‌లోని సుకుబాలో నీటి విపత్తుల నిర్వహణపై ఇచ్చే ఏడాది మాస్టర్స్ కోర్సుకు జపాన్ ప్రభుత్వ అంతర్జాతీయ సహకార సంస్థ జైకా నిధులిస్తుంది, అందులో చేరేవారు ఎక్కువగా వర్ధమాన దేశాల ప్రభుత్వ ఇంజినీర్లూ అధికారులూనూ. ప్రపంచ బ్యాంకు ప్రాజెక్టుల అమలు విభాగాలకు డెప్యుటేషన్ మీద వెళ్లేదీ వాళ్లే. జలవనరుల శాఖలోనో, పంచాయతీరాజ్‌లోనో ఐదారేళ్లు చేసి, ఒక్క వరద సీజన్‌లో కరకట్ట మీద నిలబడిన ఇంజినీరు మాటకు ఈ సంస్థల్లో ఉండే విలువ వేరు. కాకపోతే నియామక ప్రకటన ఎప్పుడు వస్తుందో తెలియని పరీక్ష కోసం ఏళ్ల తరబడి ఖాళీగా కూర్చోబెట్టవద్దు. ఎంటెక్ ప్రవేశ పరీక్ష అయిన గేట్‌కు చదివేదీ ఏఈఈకి చదివేదీ చాలావరకు ఒకే సిలబస్. మూడో సంవత్సరం విద్యార్థులు కూడా గేట్ రాయవచ్చు కాబట్టి ఈసారి రాయించండి, మార్కులు తక్కువైనా పద్ధతి తెలుస్తుంది.

మిగిలిన ఏడాదిన్నరలో ఆమె చేయాల్సిన పనుల్లో నేను ముందు చెప్పేది ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు గురించి. పాత సీనియర్ల ప్రాజెక్టును మార్చి ఇచ్చే అలవాటును పక్కనపెట్టి, మీ జిల్లాలోనే ఒక అంశం తీసుకోమనండి. తిత్లీకి కూలిన విద్యుత్ లైన్లు కావచ్చు, వంశధార ముంపు ప్రాంతంలోని ఒక సబ్‌స్టేషన్ కావచ్చు, ఒక తుపాను షెల్టరు కావచ్చు. వరద లెక్కలకు హెక్-రాస్, పటాలకు క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లు ఉచితంగా దొరుకుతాయి, ఇస్రో వారి భువన్ పోర్టల్‌లో చిత్రాలూ ఉంటాయి. డెహ్రాడూన్‌లోని భారతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ (ఐఐఆర్ఎస్) ఆన్‌లైన్‌లో ఉచిత కోర్సులు నడుపుతుంది. వేసవిలో ఇంటర్న్‌షిప్ కోసం ఇన్‌కాయిస్‌కు, ఎన్‌ఆర్‌ఎస్‌సీకి, తాడేపల్లి దగ్గరి రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థకు కాలేజీ ద్వారా ఇప్పటి నుంచే దరఖాస్తు చేయించండి. ప్రాజెక్టు నివేదికను ఆంగ్లంలో సొంత వాక్యాల్లో, ఇరవై పేజీలు మించకుండా రాయమనండి. ఇంటర్వ్యూలో అడిగితే చూపించడానికి అదే ఆమె తొలి పత్రం అవుతుంది. బ్యాంకు రుణం సంగతి ఆమె ఎక్కడైనా రెండేళ్లు పనిచేసిన తర్వాత, ఉపకార వేతనాలకు దరఖాస్తు చేసి ఫలితం చూశాక మాట్లాడుకోవచ్చు.