ఫార్ పాయింటర్లు ఇప్పుడు నేర్చుకోవాలా?

పాత పుస్తకంలోని ఫార్ పాయింటర్ ప్రోగ్రాం నేటి సి కంపైలరైన జీసీసీలో ఎందుకు కంపైల్ కావడం లేదని, పరీక్ష కోసం దాన్ని నేర్చుకోవాలా అని అడిగారు.

కంపైల్ కాకపోవడంలో మీ తప్పేమీ లేదు. పాయింటర్ అంటే మెమరీ చిరునామాను ఉంచుకునే చలరాశి. అందులో నియర్, ఫార్, హ్యూజ్ అనే రకాలు సి భాష ప్రమాణంలో ఎన్నడూ లేవు. 1978లో వచ్చిన ఇంటెల్ 8086 కుటుంబం చిప్‌ల కోసం టర్బో సి వంటి కంపైలర్లు వాటిని సొంతంగా చేర్చుకున్నాయి. ఆ చిప్‌లో రిజిస్టర్లు 16 బిట్లు, మెమరీ చిరునామా 20 బిట్లు. అందుకే ఫార్ పాయింటర్ చిరునామాను రెండు ముక్కలుగా ఉంచుకుంటుంది: మెమరీలో ఒక భాగం ఎక్కడ మొదలవుతుందో చెప్పే సెగ్మెంటు, అక్కడి నుంచి ఎంత దూరమో చెప్పే ఆఫ్‌సెట్. సెగ్మెంటును 16తో హెచ్చించి ఆఫ్‌సెట్ కలిపితే గానీ అసలు చిరునామా రాదు. మన హైదరాబాద్ ఇంటి నంబర్లలో వార్డు, బ్లాకు ముందు, ఇంటి సంఖ్య చివర ఉన్నట్టే ఇదీ. కాకపోతే ఇక్కడ ఒకే ఇంటికి వేల నంబర్లు ఉండవచ్చు. హెక్సాడెసిమల్‌లో (16 ఆధారంగా రాసే అంకెల్లో) బీ800:0000, బీ000:8000 రెండూ ఒకే బైటు. అయినా ఆ రెండు ఫార్ పాయింటర్లు సమానమా అని అడిగితే టర్బో సి కాదనే అంటుంది.

తొంభైల చివర్లో అమీర్‌పేటలోని ఒక శిక్షణ సంస్థలో నేను ల్యాబ్ చూసుకునేవాణ్ణి. వరంగల్ నుంచి వచ్చిన ఒక అమ్మాయికి లక్ష బైట్ల అర్రే (ఒకే రకం విలువల వరుస) కావలసి వచ్చింది. 16 బిట్ల ఆఫ్‌సెట్‌కు అందే 64 కేబీ దాటిన అర్రేను కంపైలర్ ఒప్పుకోలేదు. ఫార్‌మ్యాలక్‌ అనే ఫంక్షన్‌తో అడిగితే మెమరీ దొరికింది. ఫార్ పాయింటరును ఒక్కొక్కటే పెంచుతూ లూప్‌లో నింపింది. తీరా చూస్తే, మొదట పెట్టిన విలువలు మారిపోయి ఉన్నాయి! పాఠం చెప్పే ఆయన వైరస్ అని తేల్చేసి మరో కంప్యూటర్ దగ్గర కూర్చోమన్నారు. అక్కడా అదే ఫలితం. ఆ అమ్మాయి ఊరుకోలేదు. డీబగ్గర్‌లో పాయింటరును అడుగడుగునా గమనించింది. ఆఫ్‌సెట్ ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌ఎఫ్ దాకా వెళ్లి సున్నాకు తిరిగింది, సెగ్మెంటు మాత్రం కదల్లేదు. "సార్, ఇది ముందుకు పోవడం లేదు, మళ్లీ మొదటికే వస్తోంది" అంది. అంత చక్కని పరిశీలన ఆ ల్యాబ్‌లో నేను మరొకటి చూడలేదు. ఫార్ తీసి హ్యూజ్ పెట్టగానే విలువలన్నీ సరిగ్గా వచ్చాయి, లూప్ మాత్రం నెమ్మదించింది. హ్యూజ్ పాయింటరును పెంచిన ప్రతిసారీ సెగ్మెంటును కూడా సరిచేసే అదనపు కోడ్ నడుస్తుంది మరి.

ఆ 64 కేబీ పరిమితి కంపైలర్ లోపమని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. వేగం కావాలా, 64 కేబీ హద్దు దాటడం కావాలా అని అది ప్రోగ్రామర్‌నే నిర్ణయించుకోమంది. వేర్వేరు అర్రేల్లోకి చూపే పాయింటర్లలో ఏది పెద్దదో పోల్చవద్దని నేటి సి ప్రమాణం ఎందుకు అంటుందో ఈ చిప్ తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

నా బాధ కాలేజీల గురించి. 64 బిట్ల విండోస్ మీద పాత డాస్‌ను అనుకరించే డాస్‌బాక్స్ పెట్టి, అందులో టర్బో సి తెరిచి, క్లియర్‌స్క్రీన్ (తెర తుడిచే ఆదేశం) లేని ప్రోగ్రాంకు మార్కులు తగ్గించే ల్యాబ్‌లు ఇంకా ఉన్నాయి. వైవాలో "ఫార్ పాయింటర్ సైజు ఎంత?" అంటారు, పిల్లలు "నాలుగు బైట్లు" అంటారు, అక్కడితో సరి. ఆ నాలుగు బైట్లలో రెండు సెగ్మెంటువి, రెండు ఆఫ్‌సెట్‌వి అని గానీ, కూడినప్పుడు రెండోదే మారుతుందని గానీ ఎవరూ అడగరు. లక్షల ఫీజు కట్టిన తల్లిదండ్రులకు ఇది అన్యాయం. జీసీసీ ఉచితంగానే దొరుకుతుంది కదా!

కాబట్టి పరీక్ష కోసం కాదు, ఒక్క సాయంత్రం డాస్‌బాక్స్‌లో ఆ లక్ష బైట్ల లూప్ రాసి చూడండి. మీ పుస్తకంలోని ప్రోగ్రాం బీ800 సెగ్మెంటుకు రాసి తెరపై అక్షరాలు చూపించేదైతే, ఫార్ అనే మాట తీసేసి జీసీసీకి ఇవ్వవద్దు. కంపైల్ అయినా నడవదు. ఆ చిరునామా ఇప్పుడు మీ ప్రోగ్రాంది కాదు, ఆపరేటింగ్ సిస్టం అక్కడే ఆపేస్తుంది.