వర్డ్‌ప్రెస్ అప్‌డేట్ నొక్కితే సైటు పోతుందా?

గుంటూరు మిర్చి యార్డు దగ్గర కొట్టున్నాయన అడిగారు: "సైటు బాగానే నడుస్తోంది, అప్‌డేట్ నొక్కాలంటే టెన్షన్. వదిలేయొచ్చా?"

వదిలేయకండి. 2013లో వచ్చిన 3.7 వెర్షన్ నుంచి చిన్న సెక్యూరిటీ అప్‌డేట్లు మామూలుగా వర్డ్‌ప్రెస్ (సైటును నడిపే సాఫ్ట్‌వేర్) తనే వేసుకుంటుంది. చిక్కంతా ప్లగిన్లతోనే, అంటే సైటుకు అదనపు పనులు జోడించే చిన్న ప్రోగ్రాములతోనే. ముందు డేటాబేస్ (సైటులోని రాతలన్నీ ఉండేచోటు), డబ్ల్యూపీ-కంటెంట్ (wp-content) ఫోల్డరు (ఫోటోలు, ప్లగిన్లు, థీమ్‌లు ఉండేచోటు) బ్యాకప్ తీసి, సర్వర్లో కాదు, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. ప్లగిన్లు ఒక్కొక్కటే అప్‌డేట్ చేసి, ప్రతిసారీ సైటు తెరిచి చూడండి. తెల్ల తెర వచ్చిందా, కంగారొద్దు: ఆ ప్లగిన్ ఫోల్డరు పేరు మారిస్తే అది ఆగిపోతుంది, సైటు మళ్లీ లేస్తుంది.

బెజవాడలో ఓ బట్టల షాపు సైటు తెరిస్తే పేకాట ప్రకటనలు వచ్చేవి. డబ్బులిచ్చి కొనాల్సిన థీమ్ (సైటుకు రూపమిచ్చే డిజైన్) ఎక్కడో ఫ్రీగా దొరికితే వేశారట! అలాంటివి ముట్టుకోవద్దు. పాస్‌వర్డ్ కూడా కొట్టు పేరు పక్కన 123 కాకుండా చూసుకోండి.