చదవడమంటే ఇష్టంలేని పిల్లాడికి లైబ్రరీ పీరియడ్ దండగా?

ప్రశ్న: మా బాబు సీబీఎస్‌ఈలో ఎనిమిదో తరగతి. లెక్కలు బాగానే చేస్తాడు కానీ పుస్తకం పట్టుకోమంటే మాత్రం పారిపోతాడు. వారానికి ఒక్కటే ఉన్న లైబ్రరీ పీరియడ్‌ని ఐఐటీ ఫౌండేషన్ క్లాసుగా మార్చమని కొందరు పేరెంట్స్ సంతకాలు చేయిస్తున్నారు. నన్నూ పెట్టమంటారా? - ఒక తల్లి, గుంటూరు

జవాబు: పెట్టకండమ్మా. ఆ పీరియడ్ అవసరం క్లాసులో అందరికన్నా మీ బాబుకే ఎక్కువ.

లెక్కలు బాగా చేస్తాడన్నారు కదా, ఈరోజు సాయంత్రం వాడి ముందు ఐదారు లైన్ల లెక్క ఒకటి పెట్టి, "చేయొద్దు, ఏం అడిగారో నీ మాటల్లో చెప్పు చాలు" అనండి. చదివే అలవాటు లేని పిల్లలు చాలామంది అందులోంచి అంకెలు మాత్రం ఏరుకుని గుణించడమో భాగించడమో మొదలుపెట్టేస్తారు, "మిగిలింది ఎంత" అని అడిగితే ఖర్చయింది ఎంతో రాసి వస్తారు. మనం దాన్ని సిల్లీ మిస్టేక్ అని తీసిపారేస్తాం, కానీ అది చదవడంలో ఉన్న లోపం. వచ్చే ఏడాది నుంచి ఇది ఇంకా తగులుతుంది, ఎందుకంటే సీబీఎస్‌ఈ తొమ్మిది, పది తరగతుల పేపర్లలో 50 శాతం కాంపిటెన్సీ ప్రశ్నలే, అంటే బట్టీ పట్టింది కాకుండా నేర్చుకున్నదాన్ని వాడి చూపించమనేవి, వాటిలో పేరా చదివి జవాబు రాయాల్సినవి ఉంటాయి. రేపు వాడు లా వైపు వెళ్తానన్నాడనుకోండి, లా ఎంట్రన్స్ అయిన క్లాట్‌లో 2 గంటల్లో 120 ప్రశ్నలు, అన్నీ పాసేజ్‌ల మీదే.

మన దేశంలో లైబ్రరీ శాస్త్రానికి ఆద్యుడైన ఎస్.ఆర్. రంగనాథన్ మద్రాసులో లెక్కల మాస్టారే. ఆయన 1931లో రాసిన సూత్రాల్లో మొదటిది పుస్తకాలు వాడటానికే అని, రెండోది ప్రతి పాఠకుడికీ తన పుస్తకం ఉండాలని. ఒకసారి స్కూలుకి వెళ్లి చూడండి, బీరువాకి తాళం ఉందా, పిల్లలే ఎంచుకుంటున్నారా, ఇంటికి ఇస్తున్నారా? టీచరే తలా ఒకటి పంచి, చివర్లో సారాంశం రాయమంటే అది ఇంకో హోంవర్క్ అవుతుంది తప్ప చదవడం మీద ఇష్టం పుట్టదు.

ఏది చదవాలో వాడినే తేల్చుకోనివ్వండి. క్రికెట్, కార్లు, దెయ్యాలు, కామిక్స్, ఐదో తరగతి పిల్లల కథలు, తెలుగైనా ఇంగ్లిషైనా ఏదైనా పర్వాలేదు. ఒక పేజీ తెరిచి తెలియని పదానికల్లా ఒక వేలు ముడవమనండి, ఐదు వేళ్లూ ముడుచుకున్నాయంటే ఇంకొంచెం తేలికది తీసుకోవాలి. నచ్చకపోతే మధ్యలో వదిలేసే హక్కు కూడా ఉండాలి. "ఏం నేర్చుకున్నావ్" అని మాత్రం దయచేసి అడగొద్దు. ఇంట్లో పుస్తకాలు లేకపోతే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు లెవెల్స్ ప్రకారం ఉచితంగా దొరుకుతాయి.

ఒక జాగ్రత్త. లైన్లు దాటేస్తున్నా, చిన్న చిన్న పదాల దగ్గరే తడబడుతున్నా బద్ధకం అనుకోకండి. ముందు కళ్లు చూపించండి, తర్వాత డిస్లెక్సియా (అక్షరాలు, పదాలు చదవడంలోనే వచ్చే ఇబ్బంది) పరీక్ష చేయించండి, దానికి లైబ్రరీ ఒక్కటే సరిపోదు.

ఫౌండేషన్ క్లాసు కావాలంటే స్కూలయ్యాక పెట్టమనండి. ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో మార్కులతో పాటు లైబ్రరీ పుస్తకాలు ఎవరికిచ్చారో రాసే ఇష్యూ రిజిస్టర్ కూడా తెప్పించి, ఈ టర్మ్‌లో మీ బాబు పేరు మీద ఎన్ని పుస్తకాలు ఇంటికొచ్చాయో చూడండి.