మా మోటారు ఎందుకు కాలిందో పక్క పంచాయతీకి ముందే తెలుసు

ప్రశ్న: పంచాయతీలు, మున్సిపాలిటీలు ఒకదానితో ఒకటి సమాచారం పంచుకోవడానికి ఉమ్మడి డిజిటల్ నెట్‌వర్క్ నిజంగా అవసరమా? అందరి చేతిలోనూ వాట్సాప్ ఉంది కదా?

అవసరమే. వాట్సాప్ ఉందన్న మాట దగ్గరికి తర్వాత వస్తాను. ముందు ఒక మోటారు సంగతి చెప్పాలి.

2013 నుంచి 2018 వరకు రాజాం దగ్గర ఒక చిన్న పంచాయతీలో వార్డు మెంబరుగా చేశాను. 2016 వేసవిలో మా ఊరి ట్యాంకుకి నీళ్లెక్కించే మోటారు మూడుసార్లు కాలిపోయింది. ఉగాది వెళ్లిన వారంలో ఒకసారి, మళ్లీ మూడు వారాలకి, ఆ తర్వాత నడి మే నెలలో. కాలిన ప్రతిసారీ మూడు కాళ్ల స్టాండు వేసి, చైన్ పుల్లీతో పైపులు ఒక్కొక్క లెంగ్తూ పైకి లాగి, మోటారుని ఆటోలో రాజాం తీసుకెళ్లి వైండింగ్ చేయించి, మళ్లీ దింపాలి. కూలీతో కలిపి పది పన్నెండు వేలు అయ్యేది. ఈలోగా నాలుగైదు రోజులు ఊరంతా పొలాల్లో బోర్ల దగ్గర బిందెలతో వరస కట్టేవారు. మా వీధిలో ఒక ముసలావిడ నన్ను చూసి ఏమీ అనకుండా ఖాళీ బిందె నా ముందు పెట్టి వెళ్లిపోయింది. తిట్టినా అంత బాధపడేవాణ్ని కాదు.

మూడోసారి వైండింగ్ షాపులో నేనూ కూర్చున్నాను. మోటారు విప్పగానే కాలిన వార్నిష్ కంపు గుప్పుమంది. కాయిల్ చుట్టలు బొగ్గులా నల్లబడ్డాయి, కానీ అన్నీ కాదు. మధ్యమధ్యలో కొన్ని చుట్టలు కొత్త రాగి బిందెలా ఎర్రగా మెరుస్తున్నాయి. అది చూశాను కానీ దానికి అర్థం ఉందని నాకేం తెలుసు? మెకానిక్‌ని అడిగితే వోల్టేజీ బాగోలేదన్నాడు. పంచాయతీ ఆఫీసులోనూ వోల్టేజీ అనే రాసుకున్నారు. చేసిన పనుల కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్‌లో అయితే కారణమే లేదు, ‘మోటారు మరమ్మతు’ అని ఒక్క ముక్క. 14వ ఆర్థిక సంఘం నిధుల్లోంచి బిల్లయిపోయింది.

ఆ నెలాఖరున చీపురుపల్లి వైపు ఒక పెళ్లికి వెళ్లాం. బంతిలో నా పక్కన మా ఆవిడ పినతండ్రి కొడుకు కూర్చున్నాడు. అటువైపు ఒక పంచాయతీలో అతనూ వార్డు మెంబరే. మా ఊరికీ వాళ్ల ఊరికీ ఆరు కిలోమీటర్లు ఉంటే ఎక్కువ. పప్పు వడ్డిస్తుండగా మాటల్లో మోటారు గోల చెప్పుకొచ్చాను. అతను తినడం ఆపేసి ఒకటే అడిగాడు.

“బావా, కాయిల్ మొత్తం నల్లబడిందా, కొన్ని చుట్టలు బాగున్నాయా?”

“మూడో వంతు బాగానే ఉన్నాయి.”

“అయితే ఓల్టేజీ కాదు. ఒక ఫేజు పోయినా మోటారు అలాగే తిరిగింది. మీ స్టార్టర్ డబ్బా ఇప్పి సూడు, పుల్ల ఉంటాది.”

మర్నాడు పొద్దున్నే వెళ్లి డబ్బా తెరిచాం. ఉంది. చిటికెనవేలంత వెదురు పుల్ల, గ్రీజు అంటి నల్లబడిపోయి, స్టార్టర్ ట్రిప్ అయి ఆగిపోకుండా బిగించి ఉంది. ట్యాంకు నీళ్లు వదిలే కుర్రాడిని నేను తప్పుపట్టను. మోటారుకి కరెంటు మూడు తీగల్లో, అంటే మూడు ఫేజుల్లో వస్తుంది. అందులో ఒక ఫేజు పోగానే స్టార్టర్ ట్రిప్ అవుతుంది, ట్యాంకు నిండదు, ఆడవాళ్లు అతన్నే తిడతారు. చేతికొచ్చే నాలుగు రూపాయలకి అతను ఎంతని పడతాడు? అందుకని పుల్ల పెట్టాడు. పుల్ల ఉంటే రెండు ఫేజుల మీదే మోటారు మూలుగుతూ తిరుగుతుంది, ఆ రెండిట్లోనూ కరెంటు ఎక్కువ లాగుతుంది, ఆ చుట్టలే మాడిపోతాయి. మూడోది చెక్కుచెదరదు. నేను షాపులో కళ్లారా చూసింది అదే.

పుల్ల తీసేసి, ఫేజు పోతే మోటారు దానంతటదే ఆగిపోయే ప్రివెంటర్ ఒకటి బిగించాం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వదులైన జంపర్‌ని, అంటే లైన్లని కలిపే తీగ ముక్కని, లైన్‌మన్‌తో బిగించి పెట్టించాం. నా పదవి అయిపోయేదాకా ఆ మోటారు మళ్లీ కాలలేదు. మా బావమరిది వాళ్ల పంచాయతీ అంతకుముందు ఏడాదే రెండు మోటార్లు కాల్చుకుని ఈ సంగతి తెలుసుకుంది. ఆరు కిలోమీటర్ల అవతల ఉన్న జ్ఞానం మా ఊరికి రావడానికి ఒక పెళ్లి ముహూర్తం కుదరాల్సి వచ్చింది. ఆ పెళ్లికి నేను వెళ్లకపోయి ఉంటే మోటారు నాలుగోసారి కూడా కాలేది.

ఎందుకు రాలేదంటే, మధ్యలో జిల్లా సరిహద్దు ఉంది. అప్పట్లో రాజాం శ్రీకాకుళం జిల్లా, చీపురుపల్లి విజయనగరం జిల్లా. మా మండలం మీటింగులు మావి, వాళ్లవి వాళ్లవి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి మండలాలు విజయనగరంలో కలిశాయి. ఇప్పుడు ఇద్దరిదీ ఒకే జిల్లా. అయినా అక్కడ మోటారు ఎందుకు కాలిందో ఇక్కడ తెలిసే దారి ఇప్పటికీ లేదు. 

మనకి నెట్‌వర్క్‌లు లేవా అంటే చాలానే ఉన్నాయి. రెండున్నర లక్షల పంచాయతీలకు ఫైబర్ వెయ్యాలని కేంద్రం 2011లోనే మొదలుపెట్టింది, ఆ పనికే తర్వాత భారత్‌నెట్ అని పేరు పెట్టారు. మన రాష్ట్రం కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్‌నెట్ లాగింది. 2019 అక్టోబర్ 2న సచివాలయాలు వచ్చాయి, కంప్యూటర్లు వచ్చాయి, డిజిటల్ అసిస్టెంట్లు వచ్చారు. 2020 ఏప్రిల్‌లో పంచాయతీల పనులు, లెక్కలు ఎక్కించే కేంద్రం పోర్టల్ ఇ-గ్రామ్ స్వరాజ్ వచ్చింది. కానీ గమనించండి, వీటన్నిటిలోనూ సమాచారం పైకే ఎక్కుతుంది. ఊరి నుంచి మండలానికి, మండలం నుంచి జిల్లాకి, అక్కడి నుంచి అమరావతికో ఢిల్లీకో. పైనుంచి ఉత్తర్వు దిగుతుంది. ఊరి నుంచి పక్క ఊరికి అడ్డంగా వెళ్లే దారే లేదు. మరమ్మతుకి ఎంత ఖర్చయిందో ఢిల్లీలో కూర్చుని చూడొచ్చు. ఎందుకయిందో పక్క ఊళ్లో కూర్చుని చూడలేం.

దీనికి ఇంకో కారణం కూడా ఉంది, ఇది ఎవరూ ఒప్పుకోరు. పైకి వెళ్లే కాగితంలో ఎవరూ నిజం రాయరు. ‘స్టార్టర్‌లో పుల్ల పెట్టడం వల్ల కాలింది’ అని రాస్తే మెమో వస్తుంది, ఆడిట్ అభ్యంతరం వస్తుంది, ఆ కుర్రాడి ఉద్యోగం పోతుంది. అందుకే మరమ్మతు అని రాసి ఊరుకుంటారు. పక్క ఊరి మెంబరుకైతే ఏ భయమూ లేకుండా చెప్తాం. కాబట్టి ఉమ్మడి నెట్‌వర్క్ కడితే మొదటి షరతు ఇదే కావాలి. అందులో చెప్పిన తప్పు మీద చర్య తీసుకోకూడదు. ఆ షరతు లేకపోతే కోట్లు పోసి కట్టినా అందులో దొరికేది ‘మరమ్మతు’ అన్న ముక్క ఒక్కటే.

ఇక వాట్సాప్. మా మండలం గ్రూపులో నేనూ ఉండేవాణ్ని. పొద్దున్నే శుభోదయాలు, తర్వాత అర్జెంటుగా ఫొటోలు పంపమని ఆదేశాలు, ఎవరిదో పుట్టినరోజు, ఎవరిదో సంతాపం. వాటి మధ్య పనికొచ్చే మాట పడినా వారం తర్వాత వెతికితే దొరకదు. పైగా వాట్సాప్‌లో ఉండేది మనుషులు, పంచాయతీ కాదు. కార్యదర్శి బదిలీ అయితే ఆ ఫోనుతోపాటు అయిదేళ్ల అనుభవం వేరే మండలానికి వెళ్లిపోతుంది. మా పదవీకాలం 2018 ఆగస్టు మొదట్లో ముగిసింది. ఆ రోజే నన్ను గ్రూపులోంచి తీసేశారు. నాకు తెలిసిందంతా నాతోనే బయటికొచ్చేసింది.

అదే ఏడాది అక్టోబర్ 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం మీద విరుచుకుపడింది. రాష్ట్రంలో ఊళ్లకి సర్పంచులు లేని రోజులవి, స్పెషల్ ఆఫీసర్ల పాలన. మళ్లీ ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో గానీ జరగలేదు. నాలుగు బస్తాల బియ్యం వేసుకుని మందస వైపు మా బంధువుల ఊరికి వెళ్తే, కొబ్బరి చెట్లు మొదలంటా పడి ఉన్నాయి, కరెంటు లేదు, తాగడానికి నీళ్లు లేవు. ఒక జనరేటర్ అద్దెకి తెచ్చి ఒక్క బోరు దగ్గరే పెట్టుకుని కూర్చున్నారు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ఊళ్లో జనరేటర్‌ని ట్రాక్టరు తొట్టిలో పెట్టి, ఏ వీధి బోరుకి ఎన్ని గంటలో పలక మీద రాసి తిప్పాం. ఒక్క మిషనుతో ఊరంతా నీళ్లు తాగాం. ఆ మాట చెప్పగానే వాళ్లూ ట్రాక్టరు తెచ్చారు. నాలుగేళ్ల ముందు మా పంచాయతీ నేర్చుకున్న పాఠం అక్కడికి బియ్యం బస్తాల మీద కూర్చుని వెళ్లింది.

ఆ గాలికి స్తంభాలు కూలితే వాటి మీదున్న ఫైబర్ కూడా కూలిపోతుందని వేరే చెప్పాలా? తుఫాన్ల జిల్లాల్లో కనీసం మండల కేంద్రం దాకా అయినా తీగని భూమిలో వెయ్యాలి. ఈ మాట ఎన్నిసార్లు అన్నా ఖర్చెక్కువ అంటారు. కూలిన ప్రతిసారీ మళ్లీ లాగే ఖర్చు ఎవరు లెక్క వేశారు?

సచివాలయం పిల్లల మీద ఇంకో పోర్టల్ రుద్దమని నేను అనడం లేదు. ఒకే వివరం నాలుగు చోట్ల కొట్టి వాళ్లు ఇప్పటికే అలిసిపోయారు. ట్యాంకు కుర్రాడు ఫోనులో తెలుగులో మాట్లాడితే చాలు, అది రాతగా మారి పంచాయతీ పేరు మీద ఉండాలి. ‘మోటారు కాలింది’ అని ఎవరు వెతికినా, ఇచ్ఛాపురం నుంచైనా కొత్తవలస నుంచైనా, కనపడాలి.

అది వచ్చేలోగా, ఇది చదివేవాళ్లలో ఎవరైనా పంచాయతీలో ఉంటే నావంతుగా ఇక్కడే రాస్తున్నాను. త్రీఫేజు మోటారు కాలితే వైండింగ్‌కి ఇచ్చే ముందు మీరే దగ్గరుండి విప్పించండి. చుట్టలన్నీ నల్లబడితే వోల్టేజీ తక్కువైందేమో, బోరులో నీళ్లు తగ్గాయేమో, ఇసుక పట్టిందేమో చూడండి. మూడో వంతు ఎర్రగా మిగిలి ఉంటే నేరుగా స్టార్టర్ డబ్బా దగ్గరికి వెళ్లండి. పుల్ల దొరికితే ఆ కుర్రాడిని తిట్టకండి, లైన్‌మన్‌ని పిలవండి.