వానపాముల పుస్తకం చదివితే ఏమొస్తుంది?

ప్రశ్న: మా అమ్మాయికి 12 ఏళ్లు. కథల పుస్తకం ఇస్తే పక్కన పడేస్తుంది. వానపాములు, నత్తలు, గబ్బిలాలు అంటే మాత్రం పిలిచినా పలకదు, అందులోనే మునిగిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్లు "ఇవి చదివితే ఏమొస్తుంది" అని ఒకటే గోల. మాన్పించమంటారా?

జవాబు: మాన్పించకండి, దయచేసి. వానపాముల మీద పుస్తకం రాసినవాళ్లలో చార్లెస్ డార్విన్ ఉన్నారని ఆ పెద్దవాళ్లకు చెప్పండి. 1837లో లండన్ జియలాజికల్ సొసైటీలో వీటి గురించి ఒక వ్యాసం చదివారాయన, పుస్తకమేమో 1881లో వచ్చింది, అంటే పోవడానికి ఆర్నెల్ల ముందు. మధ్యలో నలభై నాలుగేళ్లు! కుండీల్లో వానపాముల్ని పెట్టుకుని వాటికి చెవులున్నాయేమో చూద్దామని ఈల వేశారు, గట్టిగా అరిచారు, ఇంట్లోవాళ్లతో బసూన్ అనే ఊదే వాయిద్యం ఊదించారు, పియానో కూడా వినిపించారు. అవి దేనికీ ఉలకలేదు పలకలేదు. అప్పుడు కుండీల్ని తీసుకెళ్లి పియానో మీదే పెట్టి ఒక్క మెట్టు నొక్కితే, చటుక్కున బొరియల్లోకి దూరిపోయాయి. శబ్దం వినబడదు గానీ అదురు తెలుస్తుందన్నమాట. ఇంకోచోట కాగితాన్ని సన్నటి త్రికోణాలుగా కత్తిరించి పడేసి, ఏ కొస పట్టుకుని లోపలికి లాగుతున్నాయో లెక్కపెట్టారు. 303 కాగితాల్లో 62 శాతం మొనవైపు నుంచే లాగాయట. మీ అమ్మాయితో ఆ పుస్తకం మొత్తం చదివించొద్దు, ఇంగ్లీషు పాతది, వాక్యాలు బారెడు. మొదటి రెండు అధ్యాయాలు మీరు చదివి తెలుగులో చెప్పండి, ఆ తర్వాత కత్తెర, కాగితం, ఒక మట్టి కుండీ ఇవ్వండి. ఇల్లు కాస్త మురికవుతుంది, అది మీ బాధ.

ప్రశ్న: నేను రెండంతస్తులు ఎక్కితే ఆయాసపడే మనిషిని. కానీ మంచుకొండలు, ఎడారులు, సముద్రయానాల పుస్తకాలంటే పిచ్చి. ఈమధ్య అన్నీ ఒకేలా అనిపిస్తున్నాయి, చివరికి శిఖరం మీద జెండా. ఇంకేదైనా చెప్పండి.

జవాబు: జెండా లేని పుస్తకం కావాలంటే ఆప్స్లీ చెర్రీ-గరార్డ్ రాసిన 'ది వరస్ట్ జర్నీ ఇన్ ద వరల్డ్' చదవండి. 1922లో వచ్చింది. పేరులో ఉన్న ఆ ప్రయాణం దక్షిణ ధ్రువానికి అనుకుంటారు చాలామంది, నేనూ అలాగే అనుకున్నా. కాదు, పెంగ్విన్ గుడ్ల కోసం! పక్షులకూ సరీసృపాలకూ ఉన్న చుట్టరికం ఎంపరర్ పెంగ్విన్ పిండంలో దొరుకుతుందని అప్పట్లో ఒక నమ్మకం. ఆ పక్షి గుడ్లు పెట్టేది నడి చలికాలంలో, కాబట్టి 1911 జూన్ చివర్లో, పగలన్నదే లేని అంటార్కిటికా చీకట్లో ఈ రచయితతో కలిపి ముగ్గురు మనుషులు స్లెడ్జిలు, అంటే మంచు మీద జారే బండ్లు, లాక్కుంటూ బయల్దేరారు. చలి ఒక దశలో మైనస్ 60 డిగ్రీల సెల్సియస్ కూడా దాటింది. ఒక రోజు ఈయన టెంట్‌లోంచి బయటికొచ్చి తల ఎత్తి చుట్టూ చూశారు, పదిహేను సెకన్లు కూడా అయి ఉండదు, ఆ కాసేపట్లోనే బట్టలు గడ్డకట్టి తల మళ్లీ కిందికి వంగలేదు. నాలుగు గంటలపాటు అలా తల పైకెత్తుకునే బండి లాగారు! పైగా ఆయనకు దగ్గరివి తప్ప కనబడవు, ఆ చలిలో కళ్లద్దాలు పెట్టుకునే వీలు లేదు. ఐదు గుడ్లు తీసుకుంటే రెండు దారిలోనే పగిలాయి. మిగిలిన మూడింటి వల్ల కొత్తగా తెలిసిందేమీ లేదని 1934లో తేల్చేశారు. తోడు వెళ్లిన ఇద్దరూ, విల్సన్, బవర్స్, మరుసటి ఏడాది ఆ యాత్ర నాయకుడు స్కాట్‌తోపాటు దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ చనిపోయారు. వాళ్లు లేని పదేళ్ల తర్వాత రాసిన పుస్తకం ఇది, అందుకే ఎక్కడా గొప్పలు వినబడవు. చాలా లావు పుస్తకం, ఈ గుడ్ల ప్రయాణం అందులో ఒక్క అధ్యాయమే, ముందు అదే చదివేయండి.

ప్రశ్న: ముడులు నేర్చుకుందామని పుస్తకం కొన్నాను. బొమ్మలు చూస్తే సేమ్యా ఉండలా ఉన్నాయి. తప్పు నాదా, పుస్తకానిదా?

జవాబు: చదువుతున్నప్పుడు చేతిలో తాడు లేకపోతే తప్పు మీదే. తాడుకి కదలని కొస ఒకటి, ఆడే కొస ఒకటి. బొమ్మలో ఆడేది ఏదో పట్టుకుంటే సగం చిక్కు విడిపోతుంది. రెండు తాళ్లు కలిపే ముడికి రెండు రంగులవి తీసుకోండి. అయినా అర్థం కాకపోతే పుస్తకం మార్చండి. క్లిఫర్డ్ యాష్లీ 11 ఏళ్లు కూర్చుని 3,800కు పైగా ముడులు వగైరాలతో 1944లో తెచ్చిన 'ది యాష్లీ బుక్ ఆఫ్ నాట్స్' ఉంది గానీ, అది మొదటి రోజే తెరవకండి, భయపడతారు.

ఒక్క జాగ్రత్త. ఇలాంటి చిన్న చిన్న హాబీల మీద ఆన్‌లైన్‌లో ఈమధ్య ఎవరు రాశారో తెలియని పుస్తకాలు కుప్పలుగా వస్తున్నాయి. ముడి తప్పయితే మహా అయితే ఊడిపోతుంది, అడవి పుట్టగొడుగుల పుస్తకం తప్పయితే ప్రాణమే పోతుంది. ఏఐతో రాయించినట్టున్న అలాంటి గైడ్లు అమ్మకానికి వచ్చాయని 2023లో న్యూయార్క్ మైకలాజికల్ సొసైటీ అనే పుట్టగొడుగుల సంఘం హెచ్చరించాల్సి వచ్చింది. రచయిత ఇంకేం రాశారు, ఎక్కడ తిరిగారు, ఫొటోలు ఎవరు తీశారు, ఇవేవీ దొరక్కపోతే కొనకండి.